చెరువులో చేరే కలుపు మందు: చేపకు జరిగే హాని ఎంత, విటమిన్లు ఇచ్చే రక్షణ ఎంత?

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ, కొల్లేరు పరిసరాల్లో వరి చేను ఎక్కడ ముగుస్తుందో, చేపల చెరువు ఎక్కడ మొదలవుతుందో చెప్పేది ఒక మట్టి గట్టు మాత్రమే. రెండింటికీ నీరిచ్చే కాలువ చాలా చోట్ల ఒక్కటే. చేల నుంచి వదిలిన నీరు బోదెల ద్వారా మురుగు కాలువలో కలుస్తుంది. నీటి ఎద్దడి వచ్చినప్పుడు అదే మురుగు కాలువ నుంచి ఇంజన్లతో చెరువులకు నీరు తోడుకుంటారు. సార్వాలో జూలై, ఆగస్టు నెలల్లోను, దాళ్వాలో డిసెంబరు, జనవరి నెలల్లోను నాట్లు పడిన వారంలోపే చేలల్లో కలుపు మందు పడుతుంది. ఆ తర్వాత ఒక గట్టి వాన కురిస్తే, ఆ మందులో కొంత భాగం కాలువకు, కాలువ నుంచి చెరువుకు చేరడానికి అడ్డేమీ ఉండదు.

దేశంలో చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. ఇక్కడి చెరువుల్లో పెరిగిన శీలావతి, బొచ్చె చేపలు మంచు పెట్టెల్లో పశ్చిమ బెంగాల్, బిహార్, అస్సాం రాష్ట్రాల వరకు వెళ్తాయి. చెరువులో చేప ఆరోగ్యం దెబ్బతింటే నష్టపోయేది ఒక్క రైతు కాదు.

పురుగు మందు విషయంలో రైతులు ఎంతో జాగ్రత్త పడతారు. ఎండోసల్ఫాన్ వంటి మందులు చేపను గంటల్లో చంపగలవన్న అనుభవం తీరప్రాంతంలో పాతదే. కలుపు మందుపై మాత్రం ఆ భయం కనిపించదు. అది మొక్కను చంపేది, జంతువును కాదు అన్న నమ్మకం బలంగా ఉంది. ఆ నమ్మకంలో సగం నిజం ఉంది. మిగిలిన సగమే చెరువుకు చేటు తెస్తోంది.

మొక్కల మందు చేపకు ఎలా తగులుతుంది?

గ్లైఫోసేట్‌నే తీసుకుంటే, 1970లో అమెరికాలోని మోన్‌సాంటో సంస్థలో జాన్ ఫ్రాంజ్ దీని కలుపు నివారణ గుణాన్ని కనుగొన్నారు. 1974లో రౌండప్ పేరుతో అది మార్కెట్‌కు వచ్చింది. మొక్కలు కొన్ని అమైనో ఆమ్లాలను తయారుచేసుకునే మార్గంలోని ఒక ఎంజైమును ఇది అడ్డుకుంటుంది. ఆ మార్గం జంతువుల్లో లేదు. కాబట్టి సిద్ధాంతరీత్యా చేపకు భయం లేదు. అయితే డబ్బాలో అమ్మేది కేవలం గ్లైఫోసేట్ కాదు. ఆకుపై మందు జారిపోకుండా అంటుకోవడానికి సబ్బు లక్షణమున్న పదార్థాలను అందులో కలుపుతారు. 1979లో అమెరికాలో జరిగిన ఒక ప్రసిద్ధ అధ్యయనం ఈ తేడాను అంకెల్లో చూపింది. రెయిన్‌బో ట్రౌట్ చేపల్లో సగం 96 గంటల్లో చనిపోవాలంటే లీటరు నీటికి 140 మిల్లీగ్రాముల శుద్ధ గ్లైఫోసేట్ కావలసి వచ్చింది. తయారైన రౌండప్ మందుతో మరో చిన్న మంచినీటి చేపకు అదే ఫలితం లీటరుకు 2.3 మిల్లీగ్రాముల వద్దనే వచ్చింది. విషమంతా దాదాపుగా ఆ సబ్బు పదార్థానిదేనని తేలింది. నీరు వేడిగా ఉన్నప్పుడు, పీహెచ్ 6.5 నుంచి 7.5కు పెరిగినప్పుడు విషతీవ్రత హెచ్చిందని కూడా ఆ అధ్యయనం చెప్పింది. డెల్టా చెరువుల్లో నీరు వేడిగాను, క్షారగుణంతోను ఉండడం మామూలే కనుక ఈ వివరాన్ని గుర్తుంచుకోవలసి ఉంది. ఐరోపా సమాఖ్య 2016లో ఆ సబ్బు పదార్థాన్ని గ్లైఫోసేట్ మందుల్లో నిషేధించింది.

గ్లైఫోసేట్ వినియోగంపై ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు 2018లో ఆంక్షలు విధించాయి. అక్రమ పత్తి విత్తనాల వ్యాప్తి అప్పటి ప్రధాన కారణం. 2022 అక్టోబరులో కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ దేశమంతటా ఈ మందును తెగుళ్ల నియంత్రణలో శిక్షణ పొందిన ఆపరేటర్లు మాత్రమే వాడాలని ఉత్తర్వు ఇచ్చింది. చెరువు గట్ల మీద గడ్డిని మాడ్చడానికి చేతి పంపుతో కొట్టే మందు ఈ నియమానికి ఎంతవరకు లోబడి ఉందో గట్ల మీద నడిచిన ఎవరికైనా తెలుస్తుంది.

మందు డబ్బాపై ఉండే రంగు త్రిభుజం కూడా అపోహకు తావిస్తుంది. కీటకనాశనుల చట్టం కింద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు విషతీవ్రతను సూచిస్తాయి. ఈ వర్గీకరణకు ఆధారం ఎలుకల వంటి క్షీరదాలపై జరిపిన పరీక్షలు. మనిషికి తక్కువ ప్రమాదమని తేలిన మందు మొప్పలతో ఊపిరి తీసే ప్రాణికి కూడా అంతే సురక్షితమని ఆకుపచ్చ త్రిభుజం చెప్పదు. చేపలకు హానికరమన్న హెచ్చరిక ఉంటే అది లోపలి కరపత్రంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఒక ఎకరం లెక్క

వరిలో విస్తారంగా వాడే బ్యూటాక్లోర్‌ను తీసుకుని లెక్క వేస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. 50 శాతం గాఢత గల మందును ఎకరాకు ఒక లీటరు నుంచి లీటరున్నర వరకు, పొడి ఇసుకలో కలిపి, నాటిన మూడు నుంచి ఐదు రోజుల లోపు చల్లడం వాడుక. లీటరు మందులో 500 గ్రాముల అసలు రసాయనం ఉంటుంది. ఎకరం చేనులో ఐదు సెంటీమీటర్ల నీరు నిలిస్తే అది సుమారు 2 లక్షల లీటర్లు. మందంతా నీటిలోనే ఉందనుకుంటే గాఢత లీటరుకు దాదాపు 2.5 మిల్లీగ్రాములు. రెయిన్‌బో ట్రౌట్, కామన్ కార్ప్ వంటి చేపలపై జరిగిన పరీక్షల్లో నాలుగు రోజుల్లో సగం చేపలను చంపిన బ్యూటాక్లోర్ గాఢత లీటరుకు ఒక మిల్లీగ్రాము కంటే తక్కువ. అంటే మందు వేసిన వెంటనే ఆ చేలోని నీరు చేపకు నేరుగా ప్రాణాంతకం.

ఆ నీరంతా ఎకరం విస్తీర్ణం, మీటరున్నర లోతు ఉన్న చెరువులో కలిసిందనుకుంటే అది ముప్పై రెట్లు పలచబడి, లీటరుకు 0.08 మిల్లీగ్రాముల దగ్గర ఆగుతుంది. వాస్తవంలో కొంత మందు బురదను అంటుకుంటుంది, కొంత ఎండకు, సూక్ష్మజీవులకు విచ్ఛిన్నమవుతుంది, కాబట్టి చేరేది ఇంకా తక్కువే. ఈ స్థాయిలో చేపలు తెల్లారేసరికి చచ్చి తేలవు. మేత తింటాయి, ఈదుతాయి, కానీ పెరగవలసినంత పెరగవు, వ్యాధికి త్వరగా లొంగుతాయి. డెల్టా చెరువుల్లో కలుపు మందు సమస్య సామూహిక మరణాల రూపంలో కంటే ఈ రూపంలో రావడానికే ఎక్కువ ఆస్కారం ఉంది. చచ్చిన చేప కనిపిస్తుంది కనుక విచారణ జరుగుతుంది. పంట చివర తూకంలో తగ్గిన కిలోలకు కారణం ఎవరూ వెతకరు.

పెద్ద మోతాదులో చేరితే ఏమవుతుందో జపాన్ చూసింది. అక్కడ వరి చేలలో పెంటాక్లోరోఫినాల్ అనే కలుపు మందు విరివిగా వాడుతున్న రోజుల్లో, 1962లో భారీ వర్షాలకు ఆ మందు కొట్టుకుపోయి బివా సరస్సులోను, అరియాకే సముద్రంలోను చేపలు, ఆల్చిప్పలు పెద్దఎత్తున చనిపోయాయి. మరుసటి ఏడాదే జపాన్ తన వ్యవసాయ రసాయనాల చట్టాన్ని సవరించి, జలచరాలకు కలిగే హానిని కూడా నియంత్రణ పరిధిలోకి తెచ్చింది. కలుపు మందు వేశాక 7 రోజుల పాటు చేలో నీరు బయటకు వదలరాదన్నది నేడు అక్కడి వరి రైతులు పాటించవలసిన నియమం.

మొప్ప నుంచి కాలేయం వరకు

నీటిలో ఉన్నదేదైనా చేపకు మొదట తగిలేది మొప్పల వద్ద. ప్రాణవాయువును లాక్కోవడానికి మొప్పల పొరలు అతి పలచగా, విశాలంగా ఉంటాయి. విషం లోపలికి దిగడానికి కూడా అదే దారి. కలుపు మందుకు గురైన చేపల మొప్పలను సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడు పైపొర లేచిపోవడం, పక్కపక్క రేకులు అతుక్కుపోవడం, రక్తనాళాలు ఉబ్బడం వంటి మార్పులను పరిశోధకులు పదే పదే నమోదు చేశారు. రేకులు అతుక్కుంటే గాలి పీల్చే వైశాల్యం తగ్గుతుంది. అప్పటికే తెల్లవారుజామున ప్రాణవాయువు తగ్గే చెరువులో ఈ తగ్గుదల చేపకు పెనుభారం. కొరమీను వంటి చేప నీటిపైకి వచ్చి గాలి మింగి గట్టెక్కుతుంది గాని శీలావతికి, బొచ్చెకు ఆ వెసులుబాటు లేదు.

రక్తంలో కలిసిన రసాయనం కాలేయానికి చేరుతుంది. దాన్ని విరిచి బయటకు పంపే పనిలో కాలేయ కణాలు చురుకైన ఆక్సిజన్ రూపాలను అధికంగా పుట్టిస్తాయి. వీటినే ఫ్రీ రాడికల్స్ అని వాడుకగా అంటున్నారు. పారాక్వాట్ అయితే తానే ఒక చక్రంలా తిరుగుతూ, ఒక్కో తిరుగుడులో ఆక్సిజన్‌ను ఇలాంటి దాడిచేసే రూపంలోకి మారుస్తూ పోతుంది. చేప కణాల గోడల్లో అసంతృప్త కొవ్వు ఆమ్లాలు అధికం. మనిషికి చేప మంచి ఆహారం కావడానికి కారణమైన ఆ కొవ్వులే ఈ దాడికి అన్నింటికంటే సులభంగా పాడవుతాయి. ఒక కొవ్వు అణువు దెబ్బతింటే అది పక్క అణువును దెబ్బతీస్తుంది. మంట ఒక కొస నుంచి పాకినట్టు కణం గోడ పొడవునా ఈ నష్టం సాగుతుంది.

చేప దేహంలో దీనికి సహజ రక్షణ ఉంది. కొన్ని ఎంజైములు, గ్లూటాథయోన్ అనే పదార్థం కలిసి ఈ దాడిని చల్లార్చుతాయి. మొదట్లో ఈ ఎంజైముల పని పెరుగుతుంది, మోతాదు ఎక్కువైతే, కాలం సాగితే పడిపోతుంది. ప్రయోగశాలలో కొవ్వుల విచ్ఛిత్తి గుర్తులు పెరిగాయా, ఎంజైములు పడిపోయాయా అని చూసేది అందుకే. వీటితో పాటు ఎర్ర రక్తకణాలు, హిమోగ్లోబిన్ తగ్గడం, కాలేయం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారే ఎంజైములు పెరగడం, ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్, రక్తంలో చక్కెర హెచ్చడం ఇలాంటి అధ్యయనాల్లో తరచు కనిపించే ఫలితాలు. ఒత్తిడి హార్మోన్ దీర్ఘకాలం హెచ్చుగా ఉంటే రోగనిరోధక శక్తి సన్నగిల్లుతుంది. చేప పేను, మొప్ప పురుగులు, ఏరోమోనాస్ బాక్టీరియా చెరువులో ఎప్పుడూ ఉండేవే. వాటికి తలుపు తెరుచుకునేది ఇలాంటి సమయంలోనే.

కలుపు మందుల ప్రభావం చేపతో ఆగదన్న సంగతి చర్చల్లో తరచు మరుగున పడుతుంది. చెరువు నీటికి పచ్చదనం ఇచ్చే వృక్ష ప్లవకాలు కూడా మొక్కలే. కిరణజన్య సంయోగక్రియను అడ్డుకునే అట్రజిన్, డైయూరాన్ వంటి మందులు వాటిని నేరుగా దెబ్బతీస్తాయి. చెరువులో పగటి వేళ ప్రాణవాయువును పుట్టించేది, చేపలకు సహజాహారంగా విటమిన్లను, కెరోటినాయిడ్లను అందించేది ఈ ప్లవకాలే. అంటే కలుపు మందు ఒకవైపు చేపకు విటమిన్ల అవసరాన్ని పెంచుతుంది, మరోవైపు వాటి సహజ వనరును తగ్గిస్తుంది. గుర్రపు డెక్క నిండిన చెరువులో 2,4-డి లేదా గ్లైఫోసేట్ కొట్టినప్పుడు ప్రమాదం ఇంకో రూపంలో వస్తుంది. మొక్కలన్నీ ఒక్కసారిగా కుళ్లి, ఆ కుళ్లు నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది. అప్పుడు చేపలు చనిపోయేది ఊపిరాడక. చూసేవారికి మాత్రం అది మందు విషంగానే కనిపిస్తుంది.

విటమిన్ సి, విటమిన్ ఇ

క్షీరదాల్లో అధికభాగం విటమిన్ సి ని స్వయంగా తయారు చేసుకుంటాయి. మనిషి చేసుకోలేడు. శీలావతి, బొచ్చె, తిలాపియా సహా ఎముకల చేపల్లో దాదాపు అన్నింటిదీ మనిషి పరిస్థితే. తయారీలో చివరి మెట్టుకు అవసరమైన ఎంజైము వాటికి లేదు. సొరచేపలు, స్టర్జన్ వంటి పురాతన వంశాల చేపలకు ఆ శక్తి మిగిలి ఉంది. మేతలో విటమిన్ సి కొరవడితే చేప వెన్నెముక వంకరపోతుంది, గాయాలు మానవు, రెక్కల మొదట్లో రక్తం చిమ్ముతుంది. సాధారణ పెరుగుదలకు చాలా జాతులకు కిలో మేతలో 25 నుంచి 50 మిల్లీగ్రాములు చాలు. విటమిన్ ఇ అవసరం జాతిని బట్టి, మేతలోని నూనెను బట్టి మారుతుంది. కామన్ కార్ప్‌కు కిలో మేతకు 100 మిల్లీగ్రాముల దాకా సూచిస్తారు.

విష రక్షణలో ఈ రెండింటినీ జంటగా చూడాలి. విటమిన్ ఇ కొవ్వులో కరిగేది. అది కణం గోడలోనే కూర్చుని, కొవ్వు అణువుల మధ్య పాకే మంటను అడ్డుకుంటుంది. ఆ పనిలో తాను ఖర్చవుతుంది. నీటిలో కరిగే విటమిన్ సి, ఖర్చైన విటమిన్ ఇ ని మళ్లీ పనికివచ్చే రూపంలోకి తెస్తుంది. ఒకటి గోడ లోపలి కావలి అయితే మరొకటి దానికి బయటి నుంచి సరఫరా. సెలీనియం లేనిదే పనిచేయని మరో రక్షక ఎంజైము కూడా వీటికి తోడు. మేతలో కలిపే విటమిన్ మిశ్రమాల్లో ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. లెడర్లీ ప్రయోగశాలల్లో దాని సంశ్లేషణకు నాయకత్వం వహించిన యల్లాప్రగడ సుబ్బారావు పుట్టింది 1895లో, నేడు చేపలు, రొయ్యల వ్యాపారానికి కేంద్రమైన భీమవరంలోనే.

ఈజిప్టు, టర్కీ, ఇరాన్, బ్రెజిల్, భారత్ వంటి దేశాల్లో తిలాపియా, కామన్ కార్ప్, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ తదితర చేపలపై జరిగిన ప్రయోగాల నమూనా దాదాపు ఒకటే. చేప పిల్లలను గుంపులుగా విడదీస్తారు. ఒక గుంపుకు మందు లేని నీరు, ఒక గుంపుకు మందు కలిపిన నీరు, మరో గుంపుకు మందుతో పాటు విటమిన్ చేర్చిన మేత. కొన్ని వారాల తర్వాత రక్తం, కాలేయం, మొప్పలు పరీక్షిస్తారు. విటమిన్ తిన్న గుంపులో కొవ్వుల విచ్ఛిత్తి తక్కువగా, రక్షక ఎంజైములు మెరుగ్గా, రక్తకణాల సంఖ్య సాధారణ స్థాయికి దగ్గరగా ఉండడం ఎక్కువ అధ్యయనాలు చెప్పే మాట. పూర్తిగా మామూలు స్థితికి రావడం మాత్రం అరుదు. విటమిన్ హానిని తగ్గిస్తుందే గాని విషాన్ని తీసివేయదు.

ఈ ఫలితాలను చెరువుకు అన్వయించేటప్పుడు కొన్ని తేడాలు మరవరాదు. గాజు తొట్టిలో నీరు స్వచ్ఛం, రసాయనం ఒకటే, మోతాదు తెలిసినదే. చెరువులో బురద ఉంటుంది, అమ్మోనియా ఉంటుంది, పురుగు మందు, కలుపు మందు కలగలిసి ఉంటాయి. అనేక ప్రయోగాల్లో వాడిన మందు గాఢత చెరువుల్లో సాధారణంగా ఉండే దానికంటే చాలా ఎక్కువ. విటమిన్ మోతాదు కూడా పెరుగుదలకు కావలసిన దానికి ఎన్నో రెట్లు, కొన్నిసార్లు కిలో మేతకు 500 నుంచి 1000 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పోలిక కోసం పెట్టిన గుంపు మేతలోనే విటమిన్ కొరత ఉంటే, కనిపించిన మేలు అదనపు మోతాదుదా, లేక లోటు తీరడం వల్ల కలిగినదా అన్నది తేల్చడం కష్టం. శాస్త్రీయంగా ఇది చిన్న ప్రశ్న కాదు.

ఇంకో సంగతి కూడా ఉంది. స్వేచ్ఛగా ఉన్న ఇనుము, రాగి సమక్షంలో విటమిన్ సి తానే ఆక్సీకరణను ప్రేరేపించగలదు. ఎక్కువ వేస్తే ఎక్కువ మేలు అన్న లెక్క ఇక్కడ పనిచేయదు.

తవుడు సంచిలో పోసిన విటమిన్

ఆంధ్రప్రదేశ్ చేపల పెంపకంలో మేత పద్ధతికి ఒక ప్రత్యేకత ఉంది. నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క, పత్తి చెక్క కలిపి, చిన్న చిన్న రంధ్రాలున్న సంచుల్లో నింపి, చెరువులో పాతిన వెదురు గడలకు కడతారు. చేపలు వచ్చి రంధ్రాల నుంచి లాక్కుని తింటాయి. మేత వృథా తగ్గించడంలో ఈ పద్ధతికి సాటి లేదు. విటమిన్ల విషయానికి వస్తే మాత్రం ఇదే పెద్ద అడ్డంకి. తవుడులో విటమిన్ సి దాదాపు లేదు. విటమిన్ ఇ నూనెతో ఉండేది కనుక, నూనె తీసేటప్పుడు దాంతోనే చాలావరకు వెళ్లిపోతుంది. నీటిలో కరిగే విటమిన్ సి పొడిని తవుడులో కలిపి సంచిలో పోస్తే, గంటల తరబడి నీటిలో వేలాడే ఆ సంచి నుంచి విటమిన్‌లో అధికభాగం చేప నోటికి అందకముందే చెరువులో కలిసిపోతుంది. ఒత్తిడి తగ్గిస్తుందంటూ విటమిన్ పొడిని నేరుగా చెరువులో చల్లించే సలహాకు కూడా ఇదే అభ్యంతరం వర్తిస్తుంది. కొన్న డబ్బులో ఎక్కువ భాగం నీటి పాలే.

నీటిపై తేలే గుళికల మేతతో పరిస్థితి మెరుగు. అయితే గుళిక తయారీలోని వేడికి మామూలు ఆస్కార్బిక్ ఆమ్లం చాలావరకు నశిస్తుంది. వేడిని, గాలిని తట్టుకునే ఫాస్ఫేట్ రూపంలోని విటమిన్ సి ధర ఎక్కువైనా చేపకు అందుతుంది. తయారైన గుళికలపై విటమిన్‌ను కొద్ది నూనెతో పూతలా పట్టించి, నీడలో ఆరనిచ్చి, వెంటనే వాడడం మరో మార్గం. పాతబడి కంపు కొట్టే నూనెతో పూత వేస్తే మొదటికే మోసం. చెడిన నూనె ఆ విటమిన్ ఇ నే తినేస్తుంది. బూజు పట్టిన వేరుశనగ చెక్కలోని ఆఫ్లటాక్సిన్ కాలేయాన్ని విడిగా దెబ్బతీస్తుంది కనుక, చెక్క నాణ్యత చూడకుండా విటమిన్ డబ్బా కొనడం తలకిందుల బేరం. మేతల నాణ్యత నియంత్రణకు రాష్ట్రంలో 2020లో ప్రత్యేక చట్టం వచ్చింది. సంచి మీద ముద్రించిన విటమిన్ మోతాదు లోపల ఉందా అని అడిగే వీలు రైతుకు ఆ చట్టంతో కలిగింది.

సమయం కూడా ముఖ్యమే. ప్రయోగాల్లో మేలు కనిపించింది విషం తగలడానికి ముందు నుంచి, లేదా దాంతో పాటే విటమిన్ అందిన చేపల్లో. విషప్రభావానికి లోనైన చేప మొదట మానేసేది మేతే. తినని చేపకు మేతలో కలిపిన మందు ఉపయోగపడదు. నాట్ల కాలానికి రెండు, మూడు వారాల ముందు నుంచి మేతలో విటమిన్లు సరిగా ఉండేలా చూసుకోవడం అందువల్లనే అర్థవంతం. చేపలు పైకి తేలి నోరు తెరిచిన రోజున చేయవలసింది ఏరేటర్లు తిప్పడం, అనుమానం లేని నీరు దొరికితే చేర్చడం, మేత ఆపడం.

తినేవారి వైపు నుంచి మరో ప్రశ్న ఉంది. విటమిన్ తిని చేప చురుగ్గా ఈదుతోందంటే దాని కండలో మందు అవశేషాలు లేవని అర్థం కాదు. గ్లైఫోసేట్ నీటిలో కరిగేది కాబట్టి దేహంలో పేరుకునే గుణం తక్కువ. పెండిమెథాలిన్ అలా కాదు, కొవ్వును ఆశ్రయించి చేప దేహంలో చేరుతుంది. బ్యూటాక్లోర్, పెండిమెథాలిన్, 2,4-డి, అట్రజిన్ నాలుగూ 2020లో కేంద్రం నిషేధానికి ప్రతిపాదించిన 27 మందుల ముసాయిదా జాబితాలో ఉన్నవే. తుది నిర్ణయంలో వీటిపై నిషేధం పడలేదు. చేలలో వీటి వాడకం కొనసాగుతూనే ఉంది.

తూము దగ్గరి జాగ్రత్తలు

విటమిన్ ఖర్చు కంటే చౌకైన రక్షణ తూము దగ్గర ఉంది. చుట్టుపక్కల చేలలో కలుపు మందు పడే వారం, పది రోజులు చెరువులోకి కాలువ నీరు తీసుకోకపోవడం అన్నింటికంటే ఫలవంతం. ఇందుకు నాట్లకు ముందే చెరువు నీటి మట్టం పెంచి పెట్టుకోవాలి. వరి రైతు మందు చల్లిన చేలో నీరు బయటకు పోకుండా వారం రోజులు గట్లు కట్టుకుని ఉంచితే మందు కలుపుపై మరింత బాగా పనిచేస్తుంది. ఇది ఆయనకూ లాభమే కనుక నచ్చజెప్పడం కష్టం కాదు. చాలా గ్రామాల్లో వరి రైతు, చెరువు రైతు ఒకరికొకరు తెలిసినవారే, కొన్ని ఇళ్లలో ఇద్దరూ అన్నదమ్ములు. నీటి వాడకందారుల సంఘాల్లో నాట్ల తేదీలు ముందే చెప్పుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

గట్ల మీద గడ్డిని కొడవలితో కోయించడం కూలి రేట్ల దృష్ట్యా భారమే. అయినా మందు కొట్టిన గట్టు నుంచి మొదటి వానకు కారే నీరు నేరుగా చెరువులోకే చేరుతుంది కనుక, లోపలి వాలుపై మందు పూర్తిగా మానడం మేలు. గడ్డి చేపను కొద్ది సంఖ్యలో వదిలితే నీటిలోని మెత్తటి కలుపును అదే తింటుంది. ఆ చేపకు మేతగా వేసే గడ్డి మాత్రం మందు తగలనిదై ఉండాలి. మందు పంపును, డబ్బాలను చెరువులోనో పంట బోదెలోనో కడగడం ఇంకా చాలా చోట్ల సాగుతున్న అలవాటు. ఒక్క పంపు అడుగున మిగిలిన మందు చిన్న నర్సరీ చెరువులోని పిల్లలకు సరిపోయేంత విషం.

చేపలు చనిపోయి కలుపు మందుపై అనుమానం వస్తే, పరీక్ష సంగతి ముందే తెలిసి ఉండాలి. గ్రామాల్లోని ఆక్వా ల్యాబ్‌లలో సాధారణంగా చూసేది ప్రాణవాయువు, పీహెచ్, అమ్మోనియా, క్షారత వంటివి. కలుపు మందును గుర్తించడానికి క్రొమాటోగ్రఫీ యంత్రాలున్న ప్రయోగశాల కావాలి. ఎక్కడికి పంపాలో మత్స్యశాఖ అధికారులు చెప్పగలరు. నీటిని చెరువులోంచి, నీరు వచ్చే తూము దగ్గర నుంచి వేర్వేరుగా, శుభ్రమైన గాజు సీసాల్లో నిండుగా పట్టి, వెలుతురు తగలకుండా మంచులో పెట్టి ఆ రోజే పంపాలి. ఏ చేలో ఏ మందు, ఏ తేదీన చల్లారో రాసిన చీటీ సీసాతో పాటు ఉంటే పరీక్షకుల పని సగం తగ్గుతుంది. దేని కోసం వెతకాలో చెప్పకపోతే యంత్రం కూడా దారి చూపలేదు. చేపలను మాత్రం చచ్చి తేలినవి కాకుండా, కొన ఊపిరితో ఉన్నవాటిని తీసుకోవాలి. చనిపోయి కొన్ని గంటలు గడిచిన చేపలో మొదట పాడయ్యేవి మొప్పలే.